మిల్లీమీటరులో పదోవంతు

లుబిత్సా తన షూటింగ్ కోటును బల్ల మీద పరిచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"చూసుకో ఓతా. పదకొండేళ్ళ కోటు. నాకంటే ఇదే ముందు మెత్తబడింది," అంది.

ఓతకర్ నవ్వలేదు. తనిఖీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆయన నవ్వడు. కోటు వీపు భాగాన్ని అరచేత్తో సాపు చేసి, మడత లేకుండా పరికరం మీదికి లాగాడు. ఇనప చట్రం, దాని మధ్య గుండ్రటి ఖాళీ, పైనుంచి కిలో బరువుతో దిగే కడ్డీ, పక్కన గడియారంలాంటి తెల్లటి ముఖం మీద నల్ల ముల్లు. కడ్డీ కింద గుడ్డ మూడు మిల్లీమీటర్లయినా కుంగాలి. అంతకంటే తక్కువ కుంగితే కోటు మరీ బిరుసన్నమాట. బిరుసు కోటు మనిషిని బొమ్మలా పట్టి నిలబెడుతుంది. అప్పుడు గురి పెట్టేది మనిషి కాదు, కోటు.

కడ్డీని వదిలాడు. ముల్లు కదిలి ఆగింది. ఆయన ముఖం దగ్గరగా పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"మూడు, సున్నా ఐదు."

పక్కన కూర్చున్న సహాయకురాలు బ్లాంకా ఆ అంకెను కాగితం మీద రాసింది. ఓతకర్ కోటులో ఇంకో రెండు చోట్ల కొలిచాడు, మోచేతుల దగ్గరి తోలు మందం చూశాడు, రైఫిలు పట్టీని వేలితో లాగి చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాక కోటు లోపలి వైపున ఆకుపచ్చ చీటీ అతికించాడు.

"మెత్తబడిందన్నావు. అంచు మీదే ఉంది," అన్నాడు.

"అంచు మీద ఉన్నా ఇవతలే ఉంది కదా!" లుబిత్సా కోటు భుజాన వేసుకుంది. "నేనూ అంతే. యాభై మూడేళ్ళు. ఇంకో ఏడాది ఆగితే అవతలికి పోతాను."

ఆమెది స్లొవాకియాలోని త్రెంచీన్. చెక్, స్లొవాక్ దేశాలు రెండూ ఒకటిగా ఉన్న రోజుల్లో ఓతకర్‌తో కలిసి ఒకే జట్టులో కాల్చింది. అప్పుడామెకు పద్దెనిమిది, ఆయనకు ముప్పై దాటింది. ఇప్పటికీ ఆమె స్లొవాక్‌లో మాట్లాడుతుంది, ఆయన చెక్‌లో జవాబిస్తాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ తేడా వినపడదు.

ఆమె వెళ్ళాక బ్లాంకా ముక్కు మూసుకుంది. "ఓతకర్ గారూ, ఆ చీజ్ సంచీ కిటికీ బయట పెట్టండి బాబూ. రేపు జర్మన్లు వస్తారు, వాసనకు పోటీ మానుకుని వెళ్ళిపోతారు."

"ఓలొమౌత్స్‌లో పుట్టి మన ఊరి చీజ్ వాసనకు ముక్కు మూసుకునేదానివి నువ్వొక్కదానివే," అన్నాడాయన. కానీ సంచీని కిటికీ అవతల పెట్టాడు.

యంత్రాల కర్మాగారంలో ముప్పై ఏడేళ్ళు ఆయన పని కొలతలే. ఇతరులు కొలిచే సాధనాలు సరిగ్గా ఉన్నాయో లేదో కొలవడం. పదవీ విరమణ తర్వాత, పోటీలున్న వారాల్లో ఇక్కడ ఈ బల్ల దగ్గర కూర్చుంటాడు. మిగతా వారాల్లో గురువారం సాయంత్రాలు పాత స్నేహితుడు హినెక్‌తో బీరు. తక్కిన రోజుల గురించి ఎవరూ అడగరు.

హినెక్ ఆ మధ్యాహ్నమే వచ్చాడు, కూతురు వెందులా సామాను మోసుకుంటూ. ఆ అమ్మాయికి ఇరవై రెండు. ఐరోపా పోటీలో ఆడటం మొదటిసారి, అదీ సొంత ఊళ్ళో. ఆమె కోటు కొత్తది. మూడు, ఇరవై కుంగింది.

"చూశావా బాబాయ్, వెన్నలా ఉంది," అంది వెందులా.

"వెన్న మీద పడుకుని కాల్చకు. నేల మీద పడుకో," అన్నాడు ఓతకర్.

హినెక్ పెద్దగా నవ్వి ఆయన భుజం మీద చరిచాడు. "ఈసారి గురువారం దాకా ఆగొద్దురా. బుధవారం పోటీ అవగానే తాగుదాం. గెలిస్తే నేను పోయిస్తా. ఓడితే నువ్వు పోయించు."

*

బుధవారం ఉదయం నుంచి గాలి సరిగ్గా లేదు. మోరావా నది వైపునుంచి వచ్చి, కాల్పుల మైదానం చివరి గోడకు కొట్టుకుని వెనక్కి తిరుగుతోంది. లక్ష్యాలకు ఇవతల వరసగా నాటిన చిన్న జెండాలు ఒకటి అటు, ఒకటి ఇటు ఊగుతున్నాయి.

పన్నెండు దాటాక తనిఖీ గది ఖాళీ అయింది. ఓతకర్ రొట్టె తిని, కాఫీ గిన్నె అందుకోవడానికి వెనక్కి తిరిగాడు. మోచేయి తగిలింది. పరికరం బల్ల అంచు మీదుగా జారి, కుర్చీ కాలికి తగిలి, నేల మీద పక్కకు పడింది.

బ్లాంకా బయట ఉంది. చప్పుడు విన్నవాళ్ళు లేరు.

ఆయన వంగి దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. చట్రం వంగలేదు. అద్దం పగల్లేదు. కడ్డీని రెండుసార్లు ఆడించాడు, సాఫీగానే దిగింది. ముల్లు సున్నా దగ్గరికి తిరిగొచ్చి నిలబడింది. సరిచూసుకునే ఉక్కు దిమ్మ పెట్టె పైఅంతస్తులో, జ్యూరీ గదిలో ఉంది. దాన్ని తేవాలంటే ఎందుకో చెప్పాలి. చెప్తే పోటీ తర్వాత జరిగే తనిఖీ ఆపాలి, ఇంకో పరికరం లేదు, అందరూ నిలబడి చూస్తూ ఉంటారు. ఓతకర్ మోచేయి తగిలి పడేశాడట అనుకుంటారు. ముప్పై ఏడేళ్ళలో ఆయన చేతిలోంచి ఒక్క కొలత సాధనమూ జారలేదు.

ముల్లు సున్నా మీదే ఉంది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, గుడ్డతో తుడిచాడు.

ఒంటి గంటకు ఆడవాళ్ళ పోటీ మొదలైంది. యాభై మీటర్లు, బోర్లా పడుకుని, అరవై తూటాలు. ఓతకర్ వెనక తాడు కట్టిన చోట నిలబడి చూశాడు. నలభై మంది ఆడవాళ్ళు చాపల మీద ఒకే కోణంలో వాలి పడుకున్నారు. ఎడమ మోచేయి నేల మీద, పట్టీ భుజాన్ని బిగించి, కుడి మోకాలు కొంచెం పైకి ముడుచుకుని. చూసేవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది. చిన్న టప్పు టప్పు చప్పుళ్ళు, మధ్యలో తూటా మార్చుకునే చేయి. లోపల ఏం జరుగుతుందో పడుకున్నవాళ్ళకే తెలుసు. పట్టీ బిగువుకు మోచేతి పైనుంచి నాడి కొట్టుకుని గురిని పైకీ కిందకీ ఆడిస్తుంది. రెండు కొట్టుళ్ళ మధ్య ఉన్న ఖాళీలో వేలు కదపాలి. చెవుల్లో దూది, కంటికి ఒక రంధ్రం, ఆ రంధ్రంలో ఒక నల్లచుక్క. అంత మందిలోనూ ఎవరికి వాళ్ళే ఒంటరి.

పదహారో చాప మీద లుబిత్సా, పక్క చాప మీద వెందులా.

వెందులా చకచకా కాలుస్తోంది. ఆమె తెర మీద పదిన్నరలు పడుతున్నాయి, నడుమ నడుమ తొమ్మిదిన్నర. లుబిత్సా మాత్రం గాలి తిరిగిన ప్రతిసారీ బుగ్గను రైఫిలు మీదనుంచి ఎత్తి, జెండాలు చూస్తూ ఊరికే పడుకుంది. నిమిషం. రెండు నిమిషాలు. ఆమె వీపు తప్ప ఏదీ కదలడం లేదు, అదీ ఊపిరికే. జెండాలు మళ్ళీ తనకు నచ్చిన వైపు ఊగగానే నాలుగు తూటాలు వరసగా వదిలి, మళ్ళీ ఆగింది. ఓతకర్‌కు తెలియకుండానే ఆయన చూపుడువేలు ప్యాంటు జేబు మీద నాలుగుసార్లు వంగింది.

సమయం అయిపోయేటప్పటికి పట్టికలో మొదట నార్వే అమ్మాయి, తర్వాత ఒక జర్మన్, మూడో పేరు లుబిత్సాది. ఆరువందల ఇరవై నాలుగు పాయింట్ ఏడు. నాలుగో పేరు వెందులా, ఒకటిన్నర తక్కువ.

లుబిత్సా లేవలేదు. చాప మీద వెల్లకిలా తిరిగి, పైన రేకు కప్పు వైపు చూస్తూ పడుకుంది. ఇన్నేళ్ళలో ఆమెకు ఐరోపాలో పతకం రాలేదు.

*

పోటీ అవగానే ముందున్న ఎనిమిది మందినీ తనిఖీకి పిలిచారు. నార్వే అమ్మాయి కోటు మూడు, ముప్పై. జర్మన్ కోటు మూడు, ఇరవై ఐదు. తర్వాత లుబిత్సా. చెమటకు తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. ఆమె కోటు బల్ల మీద పరిచి, "త్వరగా కానీ ఓతా, అమ్మకు ఫోన్ చెయ్యాలి," అంది.

ఓతకర్ కడ్డీ వదిలాడు. ముల్లు కదిలి, ఆగింది.

రెండు, తొంభై.

ఆయన గుడ్డ తీసి, సాపు చేసి, మళ్ళీ పెట్టాడు. రెండు, తొంభై. ఇంకోచోట పెట్టాడు. రెండు, ఎనభై ఎనిమిది. లేచి బ్లాంకాకు తన కుర్చీ ఇచ్చాడు. నియమం అదే, రెండో మనిషి కొలవాలి. బ్లాంకా కొలిచింది. అదే పరికరం, అదే ముల్లు.

"రెండు, తొంభై," అంది నెమ్మదిగా.

లుబిత్సా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "ఏంటది? సోమవారం నువ్వే కదా కొలిచావు. మూడు, సున్నా ఐదు అన్నావు. ఆకుపచ్చ చీటీ వేశావు. ఇదుగో!"

"కోటు బిరుసెక్కి ఉండొచ్చు..."

"చెమటకు తడిసిన కోటు బిరుసెక్కుతుందా? ఇంకో పరికరం తే. దాంతో కొలువు."

"ఇంకోటి లేదు."

"ఇది సరిగ్గా ఉందా?"

ఓతకర్ ముల్లు వైపు చూశాడు. సున్నా మీద ఉంది. గోడ గడియారంలో రెండు ఇరవై అయింది. ఆ నిమిషంలోనే ఆయనకు నేల మీద పడ్డ చప్పుడు మళ్ళీ వినపడింది.

"పొద్దున సరిచూశాను," అన్నాడు.

అది అబద్ధం కాదు. పొద్దున సరిచూశాడు.

గదిలో ఇంకా తమ వంతు కోసం అయిదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో వెందులా కూడా ఉంది, నేల వైపు చూస్తూ. లుబిత్సా ఆమెను చూసింది. తర్వాత ఓతకర్‌ను చూసి, పళ్ళ బిగువున అంది:

"అర్థమైందండీ, ఇన్‌స్పెక్టర్ గారూ. మీ ఊరి అమ్మాయికి కంచు పతకం కావాలని సోమవారమే చెప్పి ఉండాల్సింది. పెట్రోలు ఖర్చు పెట్టుకుని ఇంత దూరం వచ్చేదాన్ని కాదు."

ముప్పై అయిదేళ్ళలో ఆమె ఆయన్ను మీరు అనడం అదే మొదటిసారి.

జ్యూరీ అధ్యక్షుడు రైమో ఫిన్లాండ్ మనిషి. పొడుగ్గా, మెల్లగా ఉంటాడు. వచ్చి కాగితం చదివి, కోటును సంచీలో పెట్టి సీలు వేయించి, అనర్హత మీద సంతకం పెట్టాడు. ఓతకర్ మిగతా అయిదుగురి కోట్లూ కొలిచాడు. అన్నీ మెత్తవే, నెగ్గాయి. వెందులా కోటు మూడు, సున్నా నాలుగు చూపించింది. సోమవారం అదే కోటు మూడు, ఇరవై. ఆయన ఆ అంకెను గట్టిగా చదివాడు, బ్లాంకా రాసుకుంది, ఆయన తర్వాతి కోటు అందుకున్నాడు.

నాలుగు గంటలకు బహుమతులిచ్చారు. మూడో మెట్టు మీద వెందులా పెదవి కొరుక్కుంటూ నిలబడింది. నార్వే జాతీయగీతం వాయించినప్పుడు హినెక్ టోపీ తీసి గుండెకు ఆనించుకుని ఏడ్చాడు. ఓతకర్ వెనక, స్తంభం పక్కన నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఆయన చేయి కూడా పట్టుకుని ఊపారు, అభినందనలు ఆయనకే అన్నట్టు.

అయిదింటికి తాగడానికి కూర్చున్నారు. హినెక్ మొదటి గ్లాసు ఒక్క గుక్కలో సగం చేశాడు.

"చూశావా, ఆ ముసలిది ఎంత ముదురో! నలభై మందిలో దొరక్కుండా లాగించేద్దామనుకుంది. నీ కళ్ళ ముందా!"

ఓతకర్ గ్లాసులో నురుగు కుంగిపోవడం చూస్తున్నాడు.

"ఆమె ముదురు కాదు," అన్నాడు.

"ఏంట్రా అలా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?"

"వయసు," అన్నాడు ఓతకర్.

హినెక్ ఆయన ముఖంలోకి కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత ఇంకో రెండు గ్లాసులు తెమ్మని చేయి ఎత్తాడు.

*

గురువారం ఆరున్నరకే ఓతకర్ తాళాలు తీసుకుని పైకెళ్ళి, ఉక్కు దిమ్మ పెట్టె కిందికి తెచ్చాడు. వేలికి నూనె అంటకుండా గుడ్డతో పట్టుకుని దిమ్మను చట్రంలో పెట్టాడు. అది సరిగ్గా మూడు మిల్లీమీటర్లు చూపించాలి. కడ్డీ వదిలాడు.

రెండు, ఎనభై ఐదు.

తీసి, పెట్టి, మళ్ళీ వదిలాడు. రెండు, ఎనభై ఐదు. పదిసార్లు చేశాడు. కర్మాగారంలో కుర్రాళ్ళకు చెప్పినట్టే, ప్రతిసారీ తీసి, తుడిచి, పెట్టి. పది అంకెలూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నిద్ర లేకపోయినా కళ్ళు మండటం లేదు. మొదటి అంకె చూసినప్పుడు ఆయనకు ఆశ్చర్యం కలగలేదు. ఆ ఆశ్చర్యం కలగకపోవడమే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది.

బ్లాంకా రెండు కాఫీలతో వచ్చి, కాగితం మీద అంకెలు చూసి, గిన్నెలు బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడు పాడైంది?"

"పడింది. నిన్న మధ్యాహ్నం. నా మోచేయి తగిలి."

బ్లాంకా వెళ్ళి తలుపు మూసింది. "ఓతకర్ గారూ, నా మాట వినండి. వెనక చిన్న మర ఉంటుంది. తిప్పి సరిచేసేయండి. పతకాలిచ్చేశారు. గడువులోగా ఆమె ఫిర్యాదు కూడా ఇవ్వలేదు. మీరిప్పుడు నోరు తెరిస్తే ఎవరూ పడిందనుకోరు. పడేశారనుకుంటారు. సొంతూరి అమ్మాయి కోసం చేసి, భయపడి చెప్తున్నారనుకుంటారు."

"అనుకుంటారు," అన్నాడాయన.

"నేను కూడా దానితోనే కొలిచాను. నా సంతకం కూడా ఉంది."

"నీకు తెలియదు. అదే రాస్తాను."

పరికరాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని మెట్లెక్కాడు. రైమో కిటికీ దగ్గర నిలబడి యాపిల్ కోసుకుంటున్నాడు. ఇద్దరికీ వచ్చింది కొంచెం జర్మన్. ఆ కొంచెంతోనే ఓతకర్ అంతా చెప్పాడు. రైమో యాపిల్ ముక్క నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి విన్నాడు.

దిమ్మతో తనే కొలిచి చూశాడు. మర తిప్పించి, ముల్లు సరిగ్గా మూడు చూపించేదాకా సరిచేయించాడు. అప్పుడు ఇంకో ఇద్దరు జ్యూరీ సభ్యులను పిలిపించి, వాళ్ళ ముందు సీలు తెంపి లుబిత్సా కోటు బయటికి తీశాడు.

మూడు, సున్నా ఐదు.

రైమో కోటును జాగ్రత్తగా మడిచాడు.

"తప్పు మనది. ఆమె ఫలితం తిరిగి ఇవ్వాలి," అన్నాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టి వెళ్ళారు. రైమో కుర్చీ లాక్కుని, నోటీసు కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యం పైకి చదువుతూ రాశాడు. "పరికరం ప్రమాదవశాత్తూ కిందపడింది. మరుసటి ఉదయం సరిచూసినప్పుడు లోపం తెలిసింది. అధికారి వెంటనే జ్యూరీకి తెలియజేశారు." కలం ఆపి తలెత్తాడు. "ఇంతే చాలు. పడటం ఎవరికైనా జరుగుతుంది. నీ తనిఖీ లైసెన్సుకు ఏమీ కాదు. చిన్న మందలింపు, అంతే. నిన్నెవరూ ఏమీ అనరు."

ఓతకర్ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. రెండుసార్లు చదివాడు. ప్రతి మాటా నిజమే. నిన్న లుబిత్సాతో తనన్న మాట కూడా ఇలాంటి నిజమే.

"ఉదయం కాదు," అన్నాడు.

"ఏమిటి?"

"తెలిసింది ఉదయం కాదు. నిన్న రెండూ ఇరవైకి అనుమానం వచ్చింది. ఇది సరిగ్గా ఉందా అని ఆమె అడిగినప్పుడు. తర్వాత వెందులా కోటు తక్కువ చూపించినప్పుడు ఇంకా గట్టిపడింది. దిమ్మ పైనే ఉంది. మెట్లు ఇరవై రెండు. నేను ఎక్కలేదు."

రైమో కలం బల్ల మీద పెట్టాడు. "అది రాస్తే ఇది ప్రమాదం కాదు. నిన్ను తీసెయ్యాలి. ఈ పోటీ నుంచి కాదు, అన్నిటినుంచీ."

"తెలుసు."

"ఎవరికి లాభం? ఆమెకు పతకం ఎలాగూ వస్తుంది."

ఓతకర్ కలం తీసుకుని 'మరుసటి ఉదయం సరిచూసినప్పుడు' అన్న మాటలూ, చివరి వాక్యంలో 'వెంటనే' కూడా కొట్టేసి, మొదటి గీత పైన చిన్న, నిటారు అక్షరాలతో, కర్మాగారం రిజిస్టర్లలో రాసినట్టే రాశాడు: బుధవారం, 14.20. తర్వాత తనిఖీ అధికారి చేతి పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

*

నోటీసు అంటించేలోపు తనే చెప్పాలని తిండి గదికి వెళ్ళాడు. హినెక్, వెందులా కిటికీ పక్క బల్ల దగ్గర గుడ్లు తింటున్నారు. వెందులా కంచు పతకం మెడలోనే ఉంది, జాకెట్ జిప్పు కింద దాచుకుని. రిబ్బను మాత్రం బయటికి కనపడుతోంది.

ఓతకర్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పడింది, చెప్పలేదు, ఆమె కోటు సరిగ్గానే ఉంది, మూడో స్థానం ఆమెది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

వెందులా నోట్లో ఉన్నది మింగలేక మంచినీళ్ళు తాగింది. ముఖం ఎర్రబడింది.

"నేనేం చేశాను బాబాయ్?" అంది. "నేను అడిగానా? నాలుగో స్థానం వచ్చిందని నవ్వుకుంటూ వచ్చాను నేను. నాలుగు నాకు చాలా ఎక్కువ. నువ్వే నన్ను అక్కడ ఎక్కించావు. ఫోటోలు వచ్చేశాయి. మన ఊరి బళ్ళో పిల్లలు బొమ్మలు గీసి పంపారు." జిప్పు లాగి, రిబ్బను తలమీదుగా తీసి, పతకాన్ని ఆయన వైపు బల్ల మీద తోసింది. "నువ్వే ఇచ్చెయ్. నేను ఇవ్వలేను, సిగ్గేస్తోంది."

లేచి వెళ్ళిపోయింది. ఆమె గుడ్డు సగం అలాగే ఉంది.

హినెక్ తన పళ్ళెం పక్కకు జరిపాడు. చాలాసేపు ఉప్పు సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"పడింది. సరే. నా చేతిలోంచి పడదా?" అన్నాడు. "పతకం పోయింది. సరే, దాన్ది కాదు. కానీ నిన్న బీరు దగ్గర అడిగాను నిన్ను."

"అడిగావు."

"వయసు అన్నావు."

"అన్నాను."

"నాకు చెప్పొచ్చుగా. ఇంకెవరికీ వద్దు, నాకు. అప్పుడే వెళ్ళి ఆమె కాళ్ళు పట్టుకునేవాళ్ళం, ఇద్దరం." హినెక్ ఉప్పు సీసా పక్కకు తోశాడు. "నేనామెను ముదురన్నాను. నువ్వు వింటూ కూర్చున్నావు."

ఓతకర్ పతకం అందుకుని జేబులో వేసుకున్నాడు. హినెక్ తలెత్తలేదు. వచ్చే గురువారం సంగతి ఏమీ అనలేదు. ఇంతకు ముందెప్పుడూ దాన్ని అనాల్సిన అవసరం రాలేదు.

పతకాన్ని రైమోకు అప్పగించాడు. పదకొండింటికి నోటీసు అంటించారు. చెక్, ఇంగ్లిషు, జర్మన్ మూడింటిలోనూ. జనం గుంపుగా చేరి చదువుతుంటే ఓతకర్ తన తనిఖీ గదిలో సొంత సామాను సర్దుకున్నాడు. కళ్ళజోడు, తువ్వాలు, పెన్సిలు, చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె. బ్లాంకా ఎదురుపడితే పలకరించి ఉండేవాడే, కానీ ఆమె పక్క గదిలోంచి బయటికి రాలేదు. కారిడార్‌లో ఇద్దరు పోలండ్ వాళ్ళు ఆయన్ను చూసి మాటలాపేశారు. ఒకడు వెనకనుంచి అన్న మాట ఆయనకు అర్థమయింది. చెక్‌కు పోలిష్ అంత దూరపు భాషేం కాదు.

బస్టాపు గేటు బయట, పైన్ చెట్ల వరస చివర ఉంది. బస్సుకు ఇరవై నిమిషాలుంది. బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల మగవాళ్ళ సాధన మొదలైంది. చెట్ల వెనకనుంచి టప్పు టప్పు మని వినిపిస్తోంది.

లుబిత్సా కారు గేట్లోంచి బయటికి వచ్చి, ఆయన్ను దాటి పోయి, ముప్పై గజాల అవతల ఆగింది. ఆమె దిగి, తలుపు వేసి, వెనక్కి నడిచి వచ్చింది. చేతిలో గోధుమరంగు కవరు ఉంది. ఓతకర్ లేచి నిలబడ్డాడు.

"కూర్చో," అంది. తనూ కూర్చుంది, బెంచీకి రెండో చివర.

కవరు తెరిచి పతకం తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది. "ఆఫీసు గదిలో ఇచ్చారు. ఆ పొడుగాయన చేయి కలిపి ఇచ్చాడు. ప్రింటరు పక్కన నిలబడి తీసుకున్నాను. మా అమ్మ ఫోటో అడిగింది. ఏం ఫోటో పంపను, ప్రింటరుదా?"

ఓతకర్ సంచీని కాళ్ళ దగ్గరికి దించాడు.

"నోటీసు చదివాను," అంది ఆమె. "కొట్టేసి పైన టైము రాసింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు? ఉదయం తెలిసిందని ఉంటే సరిపోయేది. నేను నమ్మేసేదాన్ని. నీకు కొలువు ఉండేది."

"ఉదయం కాదు కాబట్టి."

ఆమె చెట్ల వైపు చూస్తూ కూర్చుంది. లోపల ఎవరో వరసగా అయిదు తూటాలు కాల్చి ఆగారు.

"రాత్రి నేనేం చేశానో తెలుసా?" అంది. "కారులో కూర్చుని ఆలోచించాను. పోయిన చలికాలం కోటును ఎండలో వేశానా అని. ఉతికానా అని. మోచేతి దగ్గర కుట్టు వేయించినప్పుడు ఆ దర్జీ లోపల ఏదైనా గుడ్డ వేశాడా అని. ముల్లు అబద్ధం చెప్పదు, ఓతా అసలు చెప్పడు, కాబట్టి నేనే ఏదో చేసి ఉంటాను. తెలియకుండా మోసం చేశానా అని నన్ను నేనే అడిగాను. ముప్పై అయిదేళ్ళు కాల్చిన ప్రతి తూటా మీదా అనుమానం వచ్చింది. ఇంట్లో ఉన్న కప్పులన్నీ తిరిగి ఇచ్చెయ్యాలా అనుకున్నాను."

ఆమె చేతులు ఒళ్ళో కవరును మడుస్తూ విప్పుతూ ఉన్నాయి.

"రెండూ ఇరవైకి ఆ అనుమానం నీది. నువ్వు దాన్ని పట్టుకుని ఉండాల్సింది. నువ్వు వదిలేస్తే అది వచ్చి నా మీద కూర్చుంది. రాత్రంతా నేను మోశాను."

"అవును," అన్నాడు ఓతకర్.

"నిన్ను క్షమించడానికి ఆగలేదు నేను. అలా అనుకోకు."

"అనుకోను."

"అది నీదేనని నువ్వు రాసిచ్చావు. టైముతో సహా. ఆ గీత చూశాక ఊపిరి ఆడింది." లేచి, ప్యాంటు దులుపుకుంది. "అది చెప్దామనే ఆగాను."

నాలుగు అడుగులు వేసి నిలబడింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"బస్సు ఎన్నింటికి?"

"పది నిమిషాల్లో."

"ఊళ్ళోనుంచే పోతాను. ఎక్కు, దింపేస్తాను." ఒక్క క్షణం ఆగి, "మాట్లాడకు కానీ," అంది.

ఓతకర్ సంచీ తీసుకుని లేచాడు. కారు దాకా ఆమె వెనకే నడిచాడు. వెనక సీటు నిండా సామాను, రైఫిలు పెట్టె, చుట్టిన చాప. ముందు సీటు మీద ఉన్న కోటును ఆమె తీసి, ఎక్కడ పెట్టాలో చోటు దొరక్క చూసి, చివరికి ఆయన చేతికిచ్చింది. ఆయన సీట్లో కూర్చుని దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఊరు వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.